తీగ పలికిన శాస్త్రం.. విశాఖలో చదివిన సి.వి.రామన్

విశాఖపట్నం: ఏటా ఫిబ్రవరి 28న పాఠశాలల్లో, కళాశాలల్లో జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుగుతుంది. ఆనాడు సర్ సి.వి.రామన్ చిత్రపటానికి పూలమాల వేస్తారు. కాంతి పరిక్షేపణంపై ఆయన చేసిన ఆవిష్కరణను, 1930లో ఆయనకు లభించిన నోబెల్ బహుమతిని వక్తలు స్మరిస్తారు. అయితే ఆ ఆవిష్కరణకు పూర్వం పన్నెండేళ్లకు పైగా ఆ యువ శాస్త్రవేత్త తన శ్రమలో పెద్ద భాగాన్ని ఏకతార, వయొలిన్, వీణ, తంబురా, తబలా, మృదంగాల పరిశోధనకు వెచ్చించారన్న సంగతి మాత్రం సభల్లో అరుదుగా వినిపిస్తుంది. సంగీతం ఆయనకు తీరిక వేళ వినోదం కాదు. చేతిలో సొమ్ము, వెనుక ప్రయోగశాల లేని రోజుల్లో ఒక ప్రభుత్వ ఉద్యోగిని ప్రపంచ శాస్త్రవేత్తల వరుసలో నిలబెట్టిన సాధనం అదే. ఆ సాధనకు పునాది పడిన ఇళ్లలో విశాఖపట్నంలోని ఇల్లు మొదటిది.

విశాఖలో బాల్యం

చంద్రశేఖర వేంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైక్కావల్‌లో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. ఎనిమిది మంది సంతానంలో రామన్ రెండవవారు. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాల అధ్యాపకునిగా ఉద్యోగం లభించింది. దానితో కుటుంబం ఈ సముద్ర తీర పట్టణానికి తరలివచ్చింది.

రామన్ ఇక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివారు. పదకొండేళ్ల ప్రాయంలోనే మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. తరువాత తండ్రి పనిచేస్తున్న ఏ.వి.ఎన్. కళాశాలలోనే ఎఫ్.ఏ. పూర్తిచేశారు. శరీరం బలహీనమైనా చదువులో ఆయనకు సాటి వచ్చినవారు లేరు.

ఆ ఇంట్లో రెండు రకాల సంపద ఉండేది. ఒకటి తండ్రి సేకరించుకున్న గణిత, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు. రెండవది సంగీతం. చంద్రశేఖర అయ్యర్ వయొలిన్ వాయించేవారు. లెక్కల పుస్తకం, వయొలిన్ ఒకే ఇంట్లో, ఒకే మనిషి చేతిలో కనిపించడం ఆ పిల్లలకు సహజమైన విషయమయింది. రామన్ అన్నగారు సుబ్రహ్మణ్య అయ్యర్ సైతం ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగం చేస్తూనే వయొలిన్ సాధన చేశారు, సంగీతశాస్త్రంపై గ్రంథాలు రచించారు. ఆయన కుమారుడే 1983లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ అన్న కొడుకు సైతం శాస్త్రంలో సౌందర్యం గురించి తరువాతి కాలంలో ప్రత్యేకంగా ఉపన్యాసాలు ఇచ్చారు.

మూడు పుస్తకాల ప్రభావం

తన మనసును తీర్చిదిద్దిన గ్రంథాలుగా రామన్ పెద్దయిన తరువాత మూడింటిని పేర్కొన్నారు. మొదటిది బుద్ధుని జీవితంపై ఎడ్విన్ ఆర్నాల్డ్ రచించిన ఆంగ్ల కావ్యం. రెండవది యూక్లిడ్ జ్యామితి. మూడవది జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రచురించిన శబ్దశాస్త్ర గ్రంథం. ఒకటి కవిత్వం, ఒకటి గణితం, ఒకటి సంగీతానికీ భౌతికశాస్త్రానికీ నడుమ వంతెన.

హెల్మ్‌హోల్ట్జ్ వైద్యుడు, భౌతికశాస్త్రవేత్త. మనిషి చెవి స్వరాన్ని ఎలా గ్రహిస్తుంది, ఒకే శ్రుతిలో పలికినా వేణువు ధ్వని వేరుగా, వయొలిన్ ధ్వని వేరుగా ఎందుకు ఉంటుంది అనే ప్రశ్నలకు ఆయన సమాధానాలు వెదికారు. ఐరోపా వాద్యాలను ఆధారం చేసుకొని రాసిన ఆ గ్రంథాన్ని దక్షిణ భారత సంగీతం వింటూ పెరిగిన ఒక కుర్రవాడు చదివాడు. అందులో లేని వాద్యాలు తన ఇంటి చుట్టూ ఉన్నాయని అతడు గమనించడం వింత కాదు.

మద్రాసులో తొలి అడుగులు

1903లో రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. 1904లో బి.ఏ. పరీక్షలో ప్రథమ స్థానంలో నిలిచి భౌతికశాస్త్రంలోనూ, ఆంగ్లంలోనూ బంగారు పతకాలు అందుకున్నారు. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి భాషలో సైతం పతకం రావడం గమనార్హం. ఆయన పరిశోధన పత్రాల్లో కనిపించే స్పష్టతకు ఆ భాషాభ్యాసమే మూలం.

1906లో ఆయన తొలి పత్రం లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. కాంతి వివర్తనంపై రాసిన ఆ పత్రం వెలువడే నాటికి ఆయనకు ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. కళాశాలలో ఉండగానే బిగించిన తీగల కంపనాలపై సైతం ఆయన దృష్టి పడింది. కాంతి, ధ్వని రెండూ తరంగాలే. ఒకదాని గురించి నేర్చిన గణితం రెండవదానికీ అక్కరకు వస్తుంది. ఆ రెండు దారుల్లోనూ ఆయన జీవితాంతం నడిచారు.

1907 జనవరిలో ఎం.ఏ. ముగిసింది. అప్పట్లో శాస్త్ర పరిశోధనను జీవనాధారంగా చేసుకునే అవకాశం భారతీయులకు దాదాపు లేదు. పై చదువులకు ఇంగ్లండు వెళ్లడానికి ఆరోగ్యం సహకరించలేదు. ఫలితంగా రామన్ ప్రభుత్వ ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు.

వీణ కలిపిన వివాహం

అదే ఏడాది మే నెలలో ఆయన లోకసుందరి అమ్మాళ్‌ను వివాహమాడారు. ఆమె వీణ వాయిస్తుండగా విని రామన్ ఇష్టపడ్డారని, ఆనాడు ఆమె వాయించినది త్యాగరాజస్వామి తెలుగు కృతి అని జీవిత చరిత్రకారులు రాశారు. పెద్దలే సంబంధం కుదిర్చే ఆ రోజుల్లో ఆయన వధువును తానే ఎంచుకున్నారు. శాఖాభేదాన్ని పట్టించుకోలేదు, కట్నం తీసుకోలేదు. ఆ విధంగా పుట్టింటి వయొలిన్‌కు తోడు వీణ సైతం ఆయన సంసారంలో భాగమయింది. కొన్నేళ్ల తరువాత అదే వీణ ఆయన పరిశోధన బల్లపైకి చేరింది.

పగలు లెక్కలు, తెల్లవారుజామున ప్రయోగాలు

1907 మధ్యలో రామన్ సహాయ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తా చేరారు. ఒకనాడు ట్రాములో వెళుతుండగా బౌబజార్ వీధిలో ఒక నామఫలకం ఆయన కంటబడింది. అది డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన భారత విజ్ఞాన పరిశోధన సంఘం. భవనం ఉంది, ఉపన్యాసశాల ఉంది, కొన్ని పరికరాలు ఉన్నాయి. పరిశోధించేవారే కరవయ్యారు. స్థాపకుని కుమారుడు అమృతలాల్ సర్కార్ ఆ యువకునికి తలుపులు తెరిచారు.

అప్పటినుంచి రామన్ దినచర్య మారిపోయింది. తెల్లవారక ముందే సంఘానికి చేరేవారు. కార్యాలయ వేళకు ఇంటికి వచ్చి సిద్ధమై లెక్కల దస్త్రాల ముందు కూర్చునేవారు. సాయంత్రం తిరిగి ప్రయోగశాలకు వెళ్లి రాత్రి పొద్దుపోయే దాకా పనిచేసేవారు. ఆశుతోష్ డే అనే సహాయకుడు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. రంగూన్, నాగపూర్ బదిలీలు ఎదురైనా ఆ తపన తగ్గలేదు. 1911లో తిరిగి కలకత్తా చేరిన తరువాత పరిశోధన మరింత ఊపందుకుంది.

ఇక్కడే ఆయన ఎంపికలోని విజ్ఞత కనిపిస్తుంది. ఐరోపా ప్రయోగశాలల్లో ఖరీదైన యంత్రాలు ఉన్నాయి, నిధులు ఉన్నాయి. వారు ఎత్తుకున్న అంశాన్నే బౌబజార్ వీధిలో కూర్చుని చేపడితే వెనుకబడక తప్పదు. అయితే కలకత్తా బజారులో దొరికే తంబురా, తబలా వారి ప్రయోగశాలల్లో లేవు. వాటి ధ్వనిని విని గుర్తించే చెవి వారికి లేదు. తీగ, కమాను, తోలు, ఇసుక, ఒక కెమెరా ఉంటే సాగే పరిశోధన అది. పేద ప్రయోగశాలకు కళ సంపన్నమైన ప్రశ్నలను అందించింది.

ఏకతారతో ఆరంభం

1909లో రామన్ ఏకతారపై ఒక పత్రం ప్రచురించారు. వీధుల్లో తత్వాలు పాడుకుంటూ తిరిగే గాయకుల చేతిలో ఉండే ఒంటి తీగ వాద్యమది. సంగీత సభల్లో దానికి పెద్ద గౌరవం లేదు. అంతటి సామాన్య వాద్యాన్ని గణిత పత్రికలో చర్చనీయాంశం చేయడం ఆనాటికి సాహసమే. తీగ కంపనం వాద్య దేహానికి ఎలా చేరుతుంది, అక్కడ దాని రూపం ఎలా మారుతుంది అన్నది ఆయన జిజ్ఞాస.

ఆ తరువాత దృష్టి వయొలిన్ కుటుంబంపైకి మళ్లింది. కమాను రాసినప్పుడు తీగ కంటికి మామూలుగా ఊగుతున్నట్లే కనిపిస్తుంది. నిజానికి అది కొంతసేపు కమానును అంటిపెట్టుకుని సాగి, ఒక్కసారిగా జారి వెనక్కు వస్తుంది. ఈ అంటుకోవడం, జారడం సెకనుకు వందల సార్లు జరుగుతుంది. దీనిని తొలుత గుర్తించినవారు హెల్మ్‌హోల్ట్జ్. కమాను ఏ చోట రాస్తే, ఎంత వేగంతో రాస్తే తీగ ఎన్ని రకాలుగా కంపిస్తుందో సమగ్రంగా వివరించిన సిద్ధాంతం రామన్‌ది. 1918లో ఆ సిద్ధాంతం మొదటి భాగం సంఘం ప్రచురణగా వెలువడింది.

వయొలిన్, చెలో వాద్యకారులను వేధించే ఒక దోషం ఉంది. ఏదో ఒక స్వరం దగ్గర వాద్యం వశం తప్పి గుర్రుమంటుంది. పాశ్చాత్యులు దానిని తోడేలు స్వరమని పిలుస్తారు. వాద్య దేహానికి సహజమైన కంపనమూ, తీగ కంపనమూ ఒకచోట కలిసినప్పుడు తీగ శక్తిని దేహం అతిగా లాగివేయడమే దానికి మూలమని, ఆ పెనుగులాటలోనే ధ్వని హెచ్చుతగ్గులకు లోనవుతుందని రామన్ 1916లో నిరూపించారు.

మనిషి చేయి ప్రతిసారీ ఒకే ఒత్తిడితో కమాను రాయలేదు. అందుకని యంత్రంతో వాయించే వయొలిన్‌ను ఆయన రూపొందించారు. అందులో కమాను నిశ్చలంగా ఉంటుంది, వయొలినే ముందుకు వెనుకకు కదులుతుంది. బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ కమానును ఎంత గట్టిగా ఒత్తాలో ఆ యంత్రంతో కొలిచారు. వాద్యకారుల వేళ్లకు అనుభవంతో తెలిసిన విషయం 1920లో అంకెల రూపం దాల్చింది.

ఆ రోజుల్లోనే విశాఖకు పొరుగున ఉన్న విజయనగరంలో ఒక సంగీత చరిత్ర మొదలవుతోంది. 1919లో అక్కడ సంగీత కళాశాల నెలకొంది. ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులు కాగా, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యులయ్యారు. ఒకచోట వయొలిన్ నాదం రసికులను అలరిస్తుండగా, మరొకచోట ఆ నాదానికి కారణాన్ని రామన్ అన్వేషిస్తున్నారు.

వీణ గుర్రంలోని మర్మం

1921లో రామన్ భారతీయ తంత్రీ వాద్యాలపై ప్రచురించిన పత్రం చిన్నదే. అయితే అది ఐరోపా పాఠ్యగ్రంథాల సూత్రాన్ని ప్రశ్నించింది.

ఏ తీగను మీటినా ఒక్క స్వరమే పలకదు. ప్రధాన స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యం గల అనుస్వరాలు సన్నగా వినిపిస్తాయి. వాద్యానికి దాని ప్రత్యేక కంఠాన్ని ఇచ్చేవి అవే. తీగను ఏ బిందువు వద్ద మీటుతామో, ఆ బిందువు వద్ద నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు పుట్టవని పాశ్చాత్య శాస్త్రవేత్తలు యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల పేరున ఒక సూత్రం స్థిరపడింది. ఉదాహరణకు తీగను సరిగ్గా మధ్యలో మీటితే రెండవ అనుస్వరం వినిపించకూడదు.

వీణలోనూ, తంబురాలోనూ ఆ సూత్రం చెల్లదని రామన్ చెవి పట్టుకుంది. లేకుండా పోవలసిన అనుస్వరాలు అక్కడ నిక్షేపంగా వినిపిస్తున్నాయి. కారణం తీగలు ఆనుకునే గుర్రంలో ఉందని ఆయన తేల్చారు. వయొలిన్ బ్రిడ్జి అంచు సన్నగా ఉంటుంది. వీణ గుర్రం వెడల్పుగా ఉండి, పైన లోహపు రేకు కొద్దిపాటి వంపుతో అమరి ఉంటుంది. తీగ కంపించినప్పుడల్లా ఆ వంపును తాకుతూ, వదులుతూ ఉంటుంది. తంబురాలో గుర్రానికీ తీగకూ నడుమ సన్నని నూలు దారం ఉంచుతారు. దానిని వెంట్రుకవాసి జరిపి సరైన చోట నిలిపినప్పుడే తంబురా నాదం విచ్చుకుంటుంది. తీగ ఆ వంపుకు మాటిమాటికి తగలడం వల్లనే అనుస్వరాలు పుష్కలంగా పుడుతున్నాయని రామన్ వివరించారు.

సంగీతం ఎరుగని శాస్త్రవేత్త ఈ పత్రం రాయలేడు. సూత్రం ప్రకారం వినిపించకూడనిది వినిపిస్తోందని ముందుగా చెవి చెప్పాలి. ఆ చెవిని నమ్మి సూత్రాన్ని పరీక్షకు పెట్టే ధైర్యం ఉండాలి. బాల్యం నుంచి విన్న సంగీతం మొదటిది ఇచ్చింది, కళాశాలలో నేర్చిన గణితం రెండవది ఇచ్చింది. ఉత్తరాంధ్రలో బొబ్బిలి వీణ తయారీదారులు పనస కర్రను తొలిచి వీణ చెక్కడం తరతరాలుగా వస్తున్న విద్య. అటువంటి పనివారు గుర్రం అమర్చడంలో చూపే ఓపికకు శాస్త్రం ఏమిటో ఈ పత్రం చదివితే బోధపడుతుంది.

మృదంగంపై ఇసుక రాసిన లెక్క

తంత్రీ వాద్యాలకు సహజంగానే శ్రుతి ఉంటుంది. డోలు వంటి చర్మ వాద్యాల సంగతి వేరు. గుండ్రటి తోలును బిగించి కొడితే పుట్టే అతిస్వరాలు ప్రధాన స్వరానికి పూర్ణాంక గుణిజాలు కావు. మొదటి అతిస్వరం దాదాపు 1.59 రెట్లు, తరువాతిది 2.14 రెట్లు ఉంటుంది. అవి ఒకదానితో ఒకటి పొసగవు. అందువల్ల మామూలు డోలు చప్పుడు చేస్తుందే తప్ప స్వరం పలకదు.

మృదంగం, తబలా అలా కాదు. వాటిని శ్రుతి చేసి గాత్రానికి జతగా వాయిస్తారు. ఇందులోని రహస్యం కుడివైపు తోలు మధ్యన గుండ్రంగా కనిపించే నల్లని పూతలో ఉంది. ఇనుప ధాతువు గల పొడిని అన్నంతో కలిపి మెత్తగా నూరి, పొరపై పొరగా రాస్తూ, ప్రతి పొరనూ నున్నని రాయితో రుద్దుతూ దానిని తయారుచేస్తారు. మధ్యన మందంగా, అంచుకు పోయే కొద్దీ పలుచగా ఉంటుంది. మృదంగం ఎడమవైపు కచేరీకి ముందు తడి పిండి ముద్ద అంటించడం అందరూ చూసేదే.

రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ఈ విషయాన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. 1934లో మరింత విపులంగా మరొక పత్రం రాశారు. నల్లని పూత బరువు వల్ల తోలు కంపనాలు సర్దుకుని, మొదటి తొమ్మిది రకాల కంపనాలు కలిసి కేవలం ఐదు స్వరాలుగా ఏర్పడతాయని ఆయన నిరూపించారు. ఆ ఐదూ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల వరుసలో, తీగ పలికే అనుస్వరాల మాదిరిగానే ఉంటాయి. తోలుపై సన్నని ఇసుక చల్లి మీటినప్పుడు, కదలిక లేని చోట్ల ఇసుక గీతలుగా పేరుకుంటుంది. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క ఆకృతి ఏర్పడుతుంది. రామన్ వాటిని ఛాయాచిత్రాలుగా ముద్రించారు.

తోలుతో తీగ స్వరాన్ని పలికించవచ్చునని ఏనాడో కనిపెట్టిన పనివారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. సమీకరణాలు ఎరుగని వారు చెవితో వింటూ, పొర తరువాత పొర సరిచూస్తూ సాధించిన ఫలితమది. వారి నైపుణ్యాన్ని ప్రపంచ శాస్త్ర పత్రికల్లో నిలబెట్టిన ఘనత రామన్‌ది. 1927లో జర్మనీలో వెలువడిన సుప్రసిద్ధ భౌతికశాస్త్ర సంపుటాల్లో సంగీత వాద్యాలు, వాటి నాదాలపై అధ్యాయాన్ని రాయవలసిందిగా కోరినది కలకత్తాలోని రామన్‌నే.

సగం జీతానికి సంతోషం

1917లో రామన్ జీవితంలో పెద్ద మలుపు వచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవిని సర్ ఆశుతోష్ ముఖర్జీ ఆయనకు ఇవ్వజూపారు. ఆ పదవి చేపట్టేవారు విదేశాల్లో శిక్షణ పొందాలన్న నిబంధన ఉండగా, అందుకు రామన్ సమ్మతించలేదు. చివరకు నిబంధననే సడలించారు.

పదేళ్ల సర్వీసు, ఉన్నత హోదా, పెరగబోయే జీతం ఉన్న కొలువును వదులుకుని, సుమారు సగం జీతానికి ఆయన ఆచార్యులయ్యారు. సంసారం ఉన్న ఇరవై ఎనిమిదేళ్ల యువకునికి అది సామాన్యమైన నిర్ణయం కాదు. ఆనాటికి ఆయనకు పరిశోధకునిగా పేరు తెచ్చిన పనిలో తీగలు, వయొలిన్‌పై చేసిన కృషికి ముఖ్య స్థానం ఉంది. తొలి పదేళ్ల సంగీత సాధన వృథా పోలేదనడానికి అదే నిదర్శనం.

చెవి నుంచి కంటికి

1921లో విశ్వవిద్యాలయాల మహాసభకు రామన్ ఇంగ్లండు వెళ్లారు. లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి గుమ్మటం కింద ఒకవైపు గుసగుసలాడితే గోడ వెంబడి అవతలివైపు వినిపిస్తుంది. అక్కడ సైతం ఆయన శబ్దాన్ని పరిశీలించి పత్రాలు రాశారు. బీజాపూర్ గోల్ గుంబజ్‌లోనూ అటువంటి పరిశీలనే చేశారు.

తిరుగు ప్రయాణంలో ఓడపై నుంచి చూసిన మధ్యధరా సముద్రపు గాఢ నీలవర్ణం ఆయనను కట్టిపడేసింది. సముద్రపు నీలం ఆకాశానికి ప్రతిబింబమేనని అప్పటికి ఒక ప్రసిద్ధ అభిప్రాయం ఉండేది. వెంట ఉన్న చిన్న పరికరంతో ఉపరితలంపై ప్రతిఫలించే వెలుగును తొలగించి చూడగా నీలం మరింత నిండుగా కనిపించింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన నిర్ధారించారు. వీణ విషయంలో చెవి చేసిన పనిని ఇక్కడ కన్ను చేసింది. రెండు సందర్భాల్లోనూ ఆరంభం ఒక్కటే. అందరూ ఆస్వాదించి ఊరుకునే చోట ఆయన కారణం అడిగారు.

ఆ ప్రశ్న ఏడేళ్లు సాగింది. 1928 ఫిబ్రవరి 28న, సహచరుడు కె.ఎస్.కృష్ణన్ సహకారంతో సాగిన ప్రయోగాల ఫలితంగా, ద్రవాల్లో చెదిరిన కాంతిలో కొత్త వర్ణాలు ఉన్నట్లు రామన్ గుర్తించారు. అణువులు సైతం తీగల మాదిరిగా తమకు సహజమైన పౌనఃపున్యాలతో కంపిస్తుంటాయి. వాటిని తాకిన కాంతి ఆ కంపనాల మేరకు తన పౌనఃపున్యాన్ని మార్చుకుంటుంది. ఆ మార్పును కొలిస్తే అణువు ఏదో తెలుస్తుంది. కంపించే వస్తువులతో ఇరవై ఏళ్లు గడిపిన శాస్త్రవేత్తకు ఈ ఆలోచన పరాయిది కాదు. నేడు ఔషధాల నాణ్యతను, రత్నాల స్వచ్ఛతను పరీక్షించడానికి ఆ ప్రభావమే ఉపకరిస్తోంది.

రంగుల మీద మక్కువ

1933లో బెంగళూరు చేరిన తరువాత, 1948లో సొంత పరిశోధనాలయాన్ని స్థాపించిన తరువాత సైతం రామన్ సౌందర్యాన్ని శాస్త్రం నుంచి వేరు చేయలేదు. రత్నాలు, ఖనిజాలు, సీతాకోకచిలుకలు, పక్షి ఈకలు సేకరించి వాటి వర్ణాలకు కారణాలు వెదికారు. తోటలో గులాబీలు పెంచి పూల రంగులను పరిశోధించారు. 1968లో, ఎనభయ్యో పడికి చేరువైన వేళ, మనిషి కన్ను రంగును ఎలా గ్రహిస్తుందన్న అంశంపై గ్రంథం ప్రచురించారు. 1954లో భారతరత్న పురస్కారం అందుకున్న ఆ శాస్త్రవేత్త 1970 నవంబరు 21న కన్నుమూశారు.

విశాఖతో ఆయన బంధం శిష్యుని రూపంలో కొనసాగింది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతం 1928లో కలకత్తా వెళ్లి రామన్ వద్ద పరిశోధన చేశారు. అనంతరం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై రామన్ ప్రభావంపై పరిశోధనలకు విశాఖను ఒక కేంద్రంగా తీర్చిదిద్దారు. గురువు బాల్యం గడిచిన పట్టణంలోనే ఆ విద్య తరువాతి తరానికి అందింది. రామన్ మరణానంతరం లండన్ రాయల్ సొసైటీ కోసం ఆయన జీవిత సంగ్రహాన్ని రాసినవారు సైతం భగవంతమే.

నేటి విద్యార్థికి

పదో తరగతికి రాగానే సంగీతం, చిత్రలేఖనం మాన్పించి లెక్కల ట్యూషన్లకు పంపడం ఇళ్లలో పరిపాటి. కళ కాలహరణమని, విజ్ఞానమే భవిష్యత్తని పెద్దలు భావిస్తారు. రామన్ జీవితం ఆ అభిప్రాయానికి సమాధానం చెబుతుంది. సంగీతం వినడం ఒక్కటే ఆయనను శాస్త్రవేత్తను చేయలేదు. దానికి కఠినమైన గణితాభ్యాసం, ఉద్యోగానికి ముందూ వెనుకా రోజుకు గంటల తరబడి శ్రమ తోడయ్యాయి. అయితే ఏ ప్రశ్న అడగాలో ఆయనకు నేర్పినది మాత్రం ఆ వీణే, ఆ వయొలినే.

ఆయన ప్రయోగాల్లో ఒకటి నేటికీ ఏ ఉన్నత పాఠశాలలోనైనా చేసి చూపవచ్చు. భజన మందిరం నుంచి ఒక మృదంగం అరువు తెచ్చి, కుడివైపు పైకి వచ్చేలా నిలబెట్టి, తోలుపై సన్నని పొడి ఇసుక పలుచగా చల్లాలి. ఒక వేలిని అంచు వద్ద తేలికగా ఆనించి, మరొక వేలితో మీటితే ఇసుక కదిలి గీతలు కడుతుంది. వేలు ఆనించే చోటు మారిస్తే గీతల తీరు మారుతుంది. విజ్ఞాన దినోత్సవం నాడు చిత్రపటానికి మాల వేసిన అనంతరం పిల్లల ఎదుట ఆ మృదంగాన్ని ఉంచి, ఆ గీతలు అలా ఎందుకు వచ్చాయో అడిగితే చాలు.